పడుకోబెట్టిన ట్యాంకు

సౌదీలోని తాయిఫ్‌లో ఇప్పుడు మేము పనిచేసే దానిమ్మ తోటకు ఒక నీళ్ల ట్యాంకు ఉంది. అందులో ఎన్ని నీళ్లు మిగిలాయో చూసి చెప్పమని యజమాని ఎప్పుడు అడిగినా పీరయ్య చేతులు వెనక్కి పెట్టుకుని గడ్డంతో నా వైపు చూపిస్తాడు. నా పేరు సదానందం. ప్లంబర్ని. పైపుల మధ్యే బతుకు వెళ్లదీసినవాణ్ణి కాబట్టి నాకు లెక్క వచ్చు, చెబుతాను. చెబుతాను గానీ ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "ముసలాయనకు లెక్కలు రావు పాపం" అని కిసుక్కుమంటారు. వాళ్లనేం అంటాం, వాళ్లకేం తెలుసు? కొలత అన్న మాట ఎత్తితే ఒకప్పుడు కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఈ మనిషి ఇంటి పేరే చెప్పేవారు.

వాళ్లను కొలగాండ్లు అంటారు. కల్లంలో వడ్లు కొలిచేది వాళ్లే, అన్నదమ్ములు పంచుకుంటే ఎవరి పాలు ఎంతో తేల్చేది వాళ్లే. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు... మూడు..." అంటూ పీరయ్య అయ్య రాగం తీస్తుంటే, అంతకుముందే కర్రలు పట్టుకుని లేచిన అన్నదమ్ములు కూడా నోరు మూసుకుని వినేవారట. ఇక ఇళ్లలో గుమ్ములు ఉండేవి కదా, వెదురుతో నిలువుగా అల్లి, పేడతో అలికి, వడ్లు పోసుకునేవి. ఆ గుమ్మిలో కర్ర దింపి, జానలు పెట్టి చూసి, ఇందులో ఇన్ని కుంచాలు ఉన్నాయని చెప్పేసేవారు. చెప్పాక ఎవరూ మళ్లీ కొలిచేవారు కాదు. ఆ నమ్మకం మీదే ఆ ఇల్లు తిన్నది.

తిన్నది అంటే కడుపు నిండా తిన్నదని కాదు. ఇద్దరు అన్నదమ్ముల సంసారాలకు కల్లాల గింజలు చాలలేదు. కర్ర తమ్ముడి చేతికిచ్చి, భార్య అంజవ్వను ఇంట్లో ఉంచి, పీరయ్య సౌదీకి వచ్చాడు. ఖమీస్ ముషైత్ బయట కొండవాలు మీద అప్పట్లో మా క్యాంపు. మా కంపెనీ అక్కడ ఇళ్లు కడుతోంది. వచ్చిన కొన్నాళ్లకే పీరయ్య పరంజా మీద నుంచి పడ్డాడు. నడుం పట్టేసింది. బరువు పని చేయలేడు, ఇంటికి పంపితే తిండికి గడవదు. కంపెనీ వాళ్లు ఏమనుకున్నారో ఏమో, క్యాంపు నీళ్ల పని అప్పగించారు.

అప్పుడు మాకు నిలువుగా నిలబడ్డ గుండ్రటి ఇనుప ట్యాంకు ఉండేది. పీరయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, తట్టి చూసి, "అరే, ఇది గుమ్మే గదా!" అన్నాడు. సౌదీకి వచ్చాక ఆ మనిషి నవ్వగా చూడటం నాకదే మొదలు. సెంట్రింగు వాళ్ల దగ్గర ఒక సన్నటి కర్ర తెచ్చుకుని, సమానంగా గీతలు కోసుకున్నాడు. పొద్దున్నే పైకెక్కి కర్ర దింపుతాడు. ఇవాళ్టి గీత దాకా నీళ్లు వదులుతాడు, గీత రాగానే నల్లాకు తాళం వేస్తాడు. వరసలో మొదటి బొక్కెన పట్టుకున్నవాడికి "లాభం" అంటూ పోస్తాడు. నీళ్లు ఎప్పుడూ తక్కువ పడలేదు. ట్యాంకర్ వచ్చే పొద్దుటికి అడుగు కనిపించేది, అంతే.

"బొక్కెనలు లెక్కపెట్టి ఇయ్యరాదే పీరన్నా, ఊకె పైకెక్కుడు దిగుడు, నీ నడుము చూసుకో" అని ఒకసారి అన్నాను.

"కర్ర మీద నమ్మకం లేనోడు బొక్కెనలు లెక్కవెడుతడు సదానందం" అన్నాడు.

మొండితనం. మొండితనం కాక మరేమిటి? కానీ ఆ రోజు నేనూ నవ్వి ఊరుకున్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది. కువైట్ అక్కడెక్కడో, మేమెక్కడో. అయినా పగలూ రాత్రీ అని లేకుండా నెత్తిమీద నుంచి విమానాలు పోతూనే ఉండేవి. రేకుల గది గడగడలాడేది. రేడియోలో ఒకడు ఒక మాట, ఇంకొకడు ఇంకో మాట. ఇంటికి పోదామంటే విమానాలు లేవు, ఉందామంటే గుండె నిలవదు. మొదట్లో భయపడ్డాం. ఆ తర్వాత భయపడటానికి కూడా ఓపిక లేకపోయింది. పనికి పోవడం, వచ్చి నీళ్ల వరసలో నిలబడటం, తిని పడుకోవడం. మనుషులం మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది.

మాకు నీళ్లు తెచ్చే ట్యాంకర్లలో చాలావరకు పటాలం పనికి పోయాయి. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకర్ ఇక వారానికి ఒకసారి, శుక్రవారం పొద్దున మాత్రమే వచ్చేది. మా నిలువు ట్యాంకును కూడా కంపెనీ వాళ్లు ఊడదీసి ఇంకో సైటుకు పట్టుకుపోయారు. దానికి బదులు, చక్రాలు ఊడిన పాత ట్యాంకర్ బండి పీపాను తెచ్చి, సిమెంటు దిమ్మెల మీద అడ్డంగా పడుకోబెట్టి పోయారు.

"ఇండ్ల అన్ని నీళ్లు పడుతయా?" అని పీరయ్య నన్నడిగాడు.

నేను టేపు తీసి కొలిచాను. నిండు ట్యాంకు లెక్క ఏమంత కష్టం కాదు. గుండ్రటి మూతను ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవాలి. అందులో సగం తీసుకుని, ఆ సగాన్ని దానితోనే హెచ్చవేయాలి. దాన్ని మూడూ చిల్లరతో హెచ్చవేసి, మళ్లీ పొడవుతో హెచ్చవేయాలి. మీటర్లలో కొలిస్తే, వచ్చినదాన్ని వెయ్యితో పెంచితే లీటర్లు. పైపుకైనా అదే లెక్క, ట్యాంకుకైనా అదే లెక్క. నిలబెట్టినా పడుకోబెట్టినా నిండా పోస్తే పట్టేవి అన్నే. నేను లెక్కవేసి, పాతదాని కంటే ఇది చాలా పెద్దదే, వారానికి సరిపోతుందని అందరి ముందూ చెప్పాను. అది నిజం. ఇప్పటికీ నిజమే, ఎవడైనా వచ్చి కొలుచుకోవచ్చు.

పీరయ్య కొత్త కర్ర తెచ్చుకున్నాడు. పీపా ఎత్తును రోజుకొకటి చొప్పున సమంగా పంచి గీతలు కోశాడు. అలవాటైన చెయ్యి కదా, ఒక గీతకూ ఇంకో గీతకూ వెంట్రుకవాసి తేడా లేదు.

మొదటి శుక్రవారం ట్యాంకర్ వచ్చి అంచు దాకా నింపిపోయింది. శుక్రవారం అంటే సెలవు. బట్టలు ఉతుక్కునేది, తలస్నానాలు చేసేది, కాస్త కూర మంచిగా వండుకునేది ఆ రోజే. వరస ఇంకా సగం కూడా కదలలేదు, పీరయ్య పైకెక్కి చూసి దిగి నల్లాకు తాళం వేశాడు.

అంజన్న అని మా క్యాంపులోనే తాపీ మేస్త్రీ, పీరయ్య పక్క ఊరివాడు. ఖాళీ బొక్కెన తీసుకెళ్లి పీరయ్య కాళ్ల దగ్గర ఠంగుమని పెట్టాడు.

"ఏందే పీరన్నా, ట్యాంకు నిండ నీళ్లు పెట్టుకుని తాళమేస్తవా?"

"గీత అచ్చింది తమ్మీ. ఇయ్యాల్టికి గింతే."

"ఎవలికి దాస్తున్నవ్?"

"నాకేడి దాసుడు? రేపు చూడు, ఎక్కువనే అస్తయి" అన్నాడు పీరయ్య. నోటికొచ్చిన మాట అన్నాడు పాపం, అది కూడా ఖర్మకాలి నిజమే అయింది. ఆ తర్వాతి రోజుల్లో నీళ్లు బాగానే వచ్చాయి. వారం మధ్యలో అయితే ఒక్కొక్కడూ రెండేసి సార్లు వరసలోకి వచ్చి పట్టుకుపోయాడు, దుప్పట్లు కూడా ఉతుక్కున్నారు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయిరా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. లోకం తీరే అంత. గురువారం పొద్దున మళ్లీ నల్లా బుసకొట్టి ఆగిపోయింది. లోపల చూస్తే అడుగు. ముఖం కడుక్కోవడానికి కూడా కొందరికి నీళ్లు లేవు.

వారం వారం ఇదే వరస. ట్యాంకర్ వచ్చే ముందు రోజు తక్కువ, వచ్చిన రోజు తక్కువ. మధ్యలో పుష్కలం. ఇక మనుషులు ఊరుకుంటారా? అంజన్న లెక్క తీశాడు. "బండి అచ్చినప్పుడు కొన్ని, బండి అచ్చే ముంగట కొన్ని అమ్ముకుంటున్నడు. నడుమల మనకు ఎక్కువ వోసి నోరు మూయిస్తున్నడు" అన్నాడు. వినడానికి ఎంత సరిగ్గా అతికిందో చూడండి! దగ్గర్లో ఒక సూడాన్ మనిషి మేకలు కాసేవాడు. అతనికి పీరయ్య ఎప్పుడైనా ఒక డబ్బాడు గిన్నెలు కడిగిన నీళ్లు ఇచ్చేవాడు. అది చాలదా? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. "సదన్న చెప్పలేదా, పాతదాని కన్న ఇది పెద్దదని? మరి నీళ్లేవి?" అని నా లెక్కనే తీసుకొచ్చి ఆ మనిషి మెడకు చుట్టారు.

నాకు తిక్కరేగి వరస మధ్యలో నిలబడి తిట్టాను. "ఒక్కడన్న కండ్లతోని చూసిండ్రా? చూడకుండ మనిషిని దొంగంటే నాలుకలు పడిపోతయి" అన్నాను. ఎవరూ నా ముఖం చూడలేదు. బొక్కెనలు చేతులు మార్చుకున్నారు, అంతే.

 పీరయ్య పని అయ్యాక పీపా కిందికి దూరి, నడుం సహకరించకపోయినా వెల్లకిలా పడుకుని, అరచేత్తో దాని పొట్టంతా తడిమి చూసేవాడు. ఎక్కడైనా కారుతోందేమోనని. కింద మట్టి గోకి వాసన చూసేవాడు. నన్ను పిలిచి అతుకులన్నీ చూపించాడు. అన్నీ ఎండుగా ఉన్నాయి. ట్యాంకర్ వాడు తక్కువ పోస్తున్నాడేమోనని శుక్రవారం పైనే కూర్చున్నాడు. అంచు దాకా నిండింది. ఇక అనుమానించడానికి ఎవరూ మిగలలేదు.

"సదానందం, నాకే తెల్వకుండ నేనేమన్న చేస్తున్ననా?" అని అడిగాడు.

"నీ తలకాయ చేస్తున్నవ్. బొక్కెనలు లెక్కపెట్టు అంటే వింటవా?"

"మా అయ్య కర్ర ఎన్నడు తప్పలె."

గురువారాలూ శుక్రవారాలూ తన వంతు నీళ్లు తీసుకోవడం మానేశాడు. ఎవడు ఎక్కువ అరిస్తే వాడి బొక్కెనలో తన వంతు పోసేవాడు. ముఖానికి సిమెంటు దుమ్ము అలాగే ఉండేది. అది చూసి వాళ్లు జాలిపడ్డారా? "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు" అన్నారు. తప్పు చేసినవాడే ఇలా ఒదిగి ఉంటాడట. నాకు ఆ మనుషుల మీద కోపం, ఈయన మీద అంతకంటే ఎక్కువ కోపం. గట్టిగా అరవవచ్చు కదా, కాలర్ పట్టుకోవచ్చు కదా!

యుద్ధం ఆగింది అన్నారు. విమానాల మోత తగ్గింది. ఇంటికి పోయే వాళ్లు పోవడం మొదలుపెట్టారు. అప్పట్లో మాకు ఫోనంటే గగనం, ఉత్తరం రాయాలంటే సగం మందికి రాయడం రాదు. టేపురికార్డరు ముందు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుని, ఆ క్యాసెట్టును ఊరికి పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్లం. అంజన్న కూడా మొదట పోయినవాడి చేత ఒక క్యాసెట్ పంపాడు. పీరయ్య నీళ్లు అమ్ముకుంటున్నాడని అందులో చెప్పానని వరసలో అందరికీ వినపడేలా అన్నాడు.

 అంతవరకూ ఎవరేమన్నా ఓర్చుకున్న పీరయ్య ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఊళ్లో కల్లాల రోజులు వస్తున్నాయి. కర్ర తమ్ముడి చేతిలో ఉంది. కొలిచే ఇంట్లో దొంగ పుట్టాడంటే ఎవడు పిలుస్తాడు? పైగా మా సైటు మేనేజరు, ముదీర్ అంటాం, అతను కూడా ఫోర్‌మన్‌తో కబురు పెట్టాడు. ఇంకోసారి నీళ్లు తక్కువైతే పీరయ్య పాస్‌పోర్టులో ఖురూజ్ ముద్ర కొట్టి పంపించేస్తాడట. ఖురూజ్ కొడితే ఇక తిరిగి రావడం ఉండదు.

"పంపితే పంపనియ్యి. ఏ ముఖం వెట్టుకుని ఊర్ల దిగాలె, గది చెప్పు" అన్నాడు నాతో.

ఆ వారమే జిలానీ తిరిగొచ్చాడు. జిలానీ కడప మనిషి, ట్యాంకర్ డ్రైవరు. యుద్ధానికి ముందు మాకు నీళ్లు తెచ్చింది అతనే. నోరు పెద్దది, మనసు మంచిది. శుక్రవారం పొద్దున బండి ఆపి, పీపా మీదికెక్కి గొట్టం పెట్టబోతూ పీరయ్య కర్రను చూశాడు. చూసి అక్కడే చతికిలబడి నవ్వాడు.

"ఏందబ్బా ఇది? ఈ గీతలు పెట్టిన మొగోడు ఎవురు?"

"నేనే" అన్నాడు పీరయ్య.

"పడుకున్న దానికి నిలబడిన కొలత పెట్టినావే పెద్దాయనా! నా బండిలో కడ్డీ ఉండాది, చూడు."

బండిలోంచి ఇనుప కడ్డీ తెచ్చి కర్ర పక్కన పెట్టాడు. ట్యాంకరులో నీళ్లెన్ని ఉన్నాయో చూసుకోవడానికి వాళ్లకు ఇచ్చేది అది. దాని మీద గీతలు సమంగా లేవు. నడుమ దగ్గర దగ్గరగా ఉన్నాయి, పైనా కిందా ఎడం ఎడంగా ఉన్నాయి. పీరయ్యకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ వెంటనే అందలేదు. నిండు లెక్క, సగం లెక్క తప్ప నడిమధ్య లెక్కలతో నాకెప్పుడూ పని పడలేదు.

జిలానీ వంటగదిలోకి పోయి ఒక పెద్ద ఉల్లిగడ్డ, కత్తి పట్టుకొచ్చాడు. "ఈ ఎర్రగడ్డే నీ పీపా అనుకో" అని, దాన్ని ఒకే మందాన బిళ్లలుగా కోసి వరసగా పేర్చాడు. "అన్నీ ఒకే మందం కదా? మరి చూడు, ఈ కొనన ఉండే బిళ్ల ఎంత, నడుమ బిళ్ల ఎంత? నువ్వు శుక్రవారం ఈ చిన్న బిళ్ల ఇచ్చినావు, గురువారం ఆ చిన్న బిళ్ల ఇచ్చినావు. నడుమ రోజుల్లో పెద్ద బిళ్లలు తినబెట్టినావు. నీళ్లు యాడికీ పోలేదు సామీ, అన్నీ ఈళ్ల కడుపుల్లోనే పోయినాయి!"

చుట్టూ జనం మూగారు. వినపడనివాళ్లకు జిలానీ ఇంకోసారి, ఉర్దూలో ఇంకోసారి చెప్పాడు. దుప్పట్లు ఉతుక్కున్న వాళ్లు తలలు గోక్కున్నారు. ఒకడు వచ్చి పీరయ్య భుజం తట్టాడు. ఇంకొకడు "పెద్దమనిషిని ఉత్తగ అన్నం" అన్నాడు. పీరయ్య ముఖం కాస్త విచ్చుకుంది, అది నేను చూశాను. ఉల్లిబిళ్లలను ఒకదాని మీద ఒకటి పెడుతూ, తీస్తూ, "గుమ్మి నిలవడి ఉంటది గదా, అందుకే తప్పలె. ఇది అడ్డం పన్నది" అని తనలో తాను అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. ఫోర్‌మన్‌ను పిలిచి చూపించాం, అతను ముదీర్‌కు చెప్పాడు, ఖురూజ్ మాట పోయింది.

అక్కడితో అయిపోవాలి కదా? అంజన్న అవనిస్తేనా!

"అంటే మీ ఇంటి కొలతనే తప్పన్నట్టు" అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"మా నాయినకు, మా పెదనాయినకు పాలు వంచింది మీ అయ్యనే. గిట్లాంటి కర్రతోనే గుమ్మి కొలిచి మాకు తక్కువ వెట్టిండు. అప్పుడు నోరు మూసుకున్నం. ఇప్పుడు తెలిసింది గదా మీ కర్ర సంగతి. మా పాలు మల్ల తీయాలె. మా అన్నకు క్యాసెట్ పంపుత, పంచాయతి వెట్టమంట."

నాకు నెత్తురు మరిగింది. "ఓరి నీ తెలివి తెల్లారిపోను, గుమ్మి నిలవడి ఉంటదిరా! నిలవడ్డ దాంట్ల ఏ గీతకైనా ఒకటే కొలత. తప్పు పన్న పీపాతోని అచ్చింది" అని అరిచాను. ఇంకో ఉల్లిగడ్డను నిలబెట్టి చూపించబోయి, అది నిలబడక దొర్లిపోతే దాన్నీ తిట్టాను.

"కర్ర అదే, చెయ్యి అదే" అన్నాడు అంజన్న. ఇక ఆ మనిషికి బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఎక్కదు. అప్పుడు నాకూ తోచింది: ఎదురుగా పీపానూ కడ్డీనీ చూస్తున్నవాడికే ఎక్కకపోతే, ఊళ్లో క్యాసెట్ వినేవాళ్లకు ఏం ఎక్కుతుంది? కొలగాండ్ల కర్ర తప్పింది అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. తాతల నాటి పంపకాలన్నీ లేస్తాయి.

 పీరయ్య అంజన్న దగ్గరికి పోయి, ఆ మనిషి కంటే వయసులో అంత పెద్దవాడయి ఉండీ, చేతులు పట్టుకున్నాడు.

"తమ్మీ, నువ్వు మొదలు పంపిన క్యాసెట్‌ల నన్ను దొంగన్నవ్. ఇప్పుడు కాదంటే నీ మాట పోతది. నీ మాట పోనియ్య. నేను అమ్ముకున్ననని నా నోటితోనే చెప్పుత. కర్ర మాట మాత్రం ఎత్తకు."

 జిలానీ "యా అల్లా" అని తల పట్టుకున్నాడు. నేను పీరయ్య రెక్క పట్టి గుంజాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇప్పుడే గదనే దొంగవు కాదని తేలింది!"

"కొలిచినోడు దొంగైతే వాన్ని తంతరు, అయిపోతది సదానందం. కొలతే తప్పంటే ఊరంత తన్నుకుంటది. నా తమ్ముని తలకాయ వలుగుతది."

"నీ పెండ్లాం ఏమనుకుంటది?"

పీరయ్య నా చెయ్యి విడిపించుకుని గదివైపు నడిచాడు.

ఆ మధ్యాహ్నమే గదిలో టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. అంజన్న గుమ్మంలో నిలబడ్డాడు, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. పీరయ్య గొంతు సవరించుకుని, కల్లంలో లెక్క చెప్పినంత స్పష్టంగా చెప్పాడు. "తమ్మీ, అంజన్న చెప్పింది నిజమే. నీళ్లు అమ్ముకున్న. నాకు పాడు బుద్ధి పుట్టింది. కర్ర ఏం చేసింది, కర్ర మంచిదే. నన్ను ఇంటోడు అనకు. అంజవ్వకు గూడ ఇదే ఇనిపియ్యి." ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. లేదు. బటన్ నొక్కేశాడు. అంజన్న వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాలు, పంచాయతీ అన్న మాట వాడి నోట రాలేదు, పీరయ్య ముఖం కూడా వాడు చూడలేదు.

నీళ్ల పని పీరయ్య వదిలేశాడు. ఉండమని ఫోర్‌మన్ అడిగాడు, క్యాంపు వాళ్లూ అడిగారు. వద్దన్నాడు. నడుం నొప్పి పెట్టుకునే ఇసుక జల్లించే పనికి పోయాడు. జిలానీ కొత్త కర్ర చేసి, తన కడ్డీ చూసి గీతలు పెట్టిచ్చాడు, దాన్ని ఇంకెవరో పట్టుకున్నారు. శుక్రవారాలు నీళ్లు సరిగ్గా వచ్చాయి. రెండు మూడు వారాలకు అందరూ అన్నీ మరిచిపోయారు. నాకే మరుపు రాలేదు.

ఎండలు ముదిరాక, సెలవుకు పోయొచ్చినవాడొకడు అంజవ్వ క్యాసెట్ తెచ్చాడు. శుక్రవారం, తిన్న తర్వాత, ఇద్దరమే కూర్చుని పెట్టుకున్నాం. బయటికి పోతానంటే పీరయ్య కూర్చోమన్నాడు. మొదట బర్రె ఈనిన సంగతి, ఇంటి పైకప్పు సంగతి, బీడీల ఆకు మంచిది రావడం లేదన్న సంగతి. ఆ తర్వాత తమ్ముడి మాట వచ్చింది.

"నీ తమ్ముడు కల్లంల నిలవడి, వాడు నా అన్న కాదు అన్నడు. నలుగురి ముంగట మన్ను తీసి ఇసిరిండు. ఊరోళ్లు మల్ల కర్ర ఆయన చేతికే ఇచ్చిండ్రు."

పీరయ్య కళ్లు మూసుకున్నాడు. "కర్ర నిలవడ్డది" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఊపిరి తీసుకున్నట్టు ఛాతీ లేచి దిగింది. నాకూ, కోపంలోనే, పోనీలే ఇదైనా దక్కింది అనిపించింది.

 క్యాసెట్‌లో ఎవరో పిల్లల అరుపులు, కోడి కూత వినిపించాయి. మళ్లీ అంజవ్వ గొంతు వచ్చింది, ఈసారి మారిపోయిన గొంతు.

"నీ నోటితోనే అన్నవ్, నీళ్లు అమ్ముకున్ననని. ఇంట్ల ఎవలం ఉపాసం లెము. బీడీలు చేసుకుంట నేను బతుకుతనే ఉన్న. నేను నిన్ను ఏదన్న అడిగిన్నా? ఎన్నడన్న అడిగిన్నా? మరి ఎవలి కోసం అమ్మినవయ్యా? అంతమందిని ఎండవెట్టి, ఆడ ఎవతె గొంతు తడిపినవ్?"

నేను లేచి నిలబడ్డాను. "ఇగ చాలు. ఇప్పుడే కొత్త క్యాసెట్ పెట్టు. తమ్మునికి చెప్పకు, ఊరికి చెప్పకు, ఆ ఒక్క మనిషికి నిజం చెప్పు. అసలు ఎట్ల నమ్మిందే నిన్ను గట్ల? ఇన్నేండ్లు సంసారం చేసి గింతేనా ఎరుక?"

పీరయ్య తల అడ్డంగా ఊపాడు.

"దాన్ని ఏమనకు. పెండ్లయిన కాన్నుంచి దానికి నేను ఒక్క అబద్ధం చెప్పలె సదానందం. నా నోట్లెకెల్లి అచ్చిందంటే అది నిజమే అనుకుంటది."

క్యాసెట్‌లో అంజవ్వ ఇంకా అడుగుతూనే ఉంది. ఆపమన్నాను. ఆపలేదు.